తేనెటీగలవారి కుర్రాడు

ఆ రోజు తెల్లవారగానే తోక వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, తరగతిలో లేచి నిలబడి పిల్లి కథ చెప్పాలి. అంతే. ఈ మూడింట్లో మొదటి రెండూ సవ్యంగానే జరిగాయి.

తోక అంటే అతని అసలు పేరు కాదు, ఇంట్లోవాళ్ళు పెట్టిన బిరుదు. అతనికంటే కొద్ది వారాల ముందు పెద్దమ్మకు ఒక కొడుకు పుట్టాడు. వాడు పెద్దోడయ్యాడు, ఇతను తోకయ్యాడు. ఆ కొద్ది వారాలు ఇతని బతుకంతటికీ సరిపోయాయి. పెద్దోడు ఊగి వదిలేసిన ఉయ్యాల్లో ఇతను ఊగాడు, వాడు అరగదీసిన పలక మీద అక్షరాలు దిద్దాడు, వాడు తొక్కి తొక్కి వంకర చేసిన సైకిలెక్కి వంకరగానే బడికి వెళ్ళాడు. నిజానికి ఇద్దరిలో ముందు నడిచింది తోకే. కానీ ఆ సమయంలో ఇంటిల్లిపాదీ పెద్దోడు ఎప్పుడు నడుస్తాడా అని అటువైపు తిరిగి కూర్చున్నారు. వెనక ఇతను గోడ దాకా నడిచి వెళ్ళి, ఎవరూ చూడడం లేదని తెలిసి, మళ్ళీ పాక్కుంటూ వెనక్కి వచ్చేశాడు.

వాళ్ళది త్రాసుల ఇల్లు. తాతకు త్రాసులు బాగుచేసే దుకాణం ఉంది. కొడుకులు లేరు, ఇద్దరూ కూతుళ్ళే. అల్లుళ్ళిద్దరినీ ఆ దుకాణంలోనే కూర్చోబెట్టాడు. తోడల్లుళ్ళు చెరో బల్ల మీద ముళ్ళు సరిచేస్తూ ఉంటే, అక్కచెల్లెళ్ళు లోపల చెరో గదిలో కొడుకులను తూస్తూ ఉండేవారు. పెద్దామె పళ్ళెమే ఎప్పుడూ కిందికి దిగేది.

చివరికి ఇంజనీరింగు సీటు కూడా ఇద్దరికీ ఒకే కాలేజీలో, ఒకే బ్రాంచిలో వచ్చింది. "కలిసి ఉంటారు, బాగుంటుంది" అని పెద్దవాళ్ళు సంబరపడ్డారు. కుర్రాళ్ళిద్దరూ బస్సులో ఒక ఒప్పందానికి వచ్చారు.

"ఒరే తోకా, అక్కడ నువ్వు నా తమ్ముడివని ఎవరికీ చెప్పకు. నన్ను అన్నయ్యా అని పిలవకు. నా పరువు పోతుంది" అన్నాడు పెద్దోడు.

"నువ్వు నన్ను తోకా అనకు, చాలు" అన్నాడు తోక. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది అదొక్కసారే. మేనమామల పోలికలు రావడానికి మేనమామలే లేరు. ఇంటిపేర్లు ఎలాగూ వేరు. కాబట్టి కాలేజీలో ఎవరికీ అనుమానం రాలేదు. హాస్టల్లో ఒకే గది ఇస్తే, ముక్కూమొహం తెలియనివాళ్ళలా కరచాలనం కూడా చేసుకున్నారు.

ఇక పిల్లి సంగతి. వర్క్‌షాపు నేర్పే మాస్టారు ఎప్పుడూ చేతిలో ఒక చిన్న సుత్తి పట్టుకుని తిరుగుతాడు. తరగతి గోల చేస్తే బల్ల మీద కొడతాడు, నిద్రపోతే బెంచీ మీద కొడతాడు. పిల్లలందరూ ఆయన్ను సుత్తి మాస్టారు అంటారు. ఆయనే ముందురోజు చెప్పాడు: "మన సీనియర్లు ఒక బండి కడుతున్నారు. చిన్న పోటీ కారు. వాళ్ళ జట్టులోకి ఫస్టియర్ నుంచి ఒక్కణ్ణి తీసుకుంటాను. ఒక్కణ్ణే. రేపు ఒక్కొక్కరే లేచి మీ ఇల్లూ వాకిలీ ఏమిటో, మీకు దేనిమీద మనసో చెప్పండి. మార్కులు నాకక్కర్లేదు, మనిషిని చూసి తీసుకుంటా."

ఆ మాట విన్నప్పటి నుంచీ తోకకు ఒళ్ళు నిలవలేదు. కాలేజీకి వచ్చిన రోజే అతను షెడ్డు సందులోంచి ఆ బండిని చూశాడు. చక్రాలు లేవు, పైకప్పు లేదు, పక్కటెముకలు బయటికి కనిపించే గొడ్డులా ఉంది. అయినా చూపు తిప్పుకోలేకపోయాడు. పైగా చెప్పడానికి తన దగ్గర ఒక కథ ఉంది. పెద్దోడికి లేని కథ, అచ్చంగా తనదే.

చిన్నప్పుడు ఒకసారి తోక నిద్రపోతున్న పిల్లిని దుకాణంలోని పెద్ద త్రాసులో పెట్టి తూచాడు. సరదా తీరక రెండో పళ్ళెంలోకి మార్చి మళ్ళీ తూచాడు. పిల్లి కుడి పళ్ళెంలో తేలిపోయింది, ఎడమ పళ్ళెంలో బరువుగా ఉంది. పరుగెత్తి తాతకు చెప్పాడు. "మధ్యలో పాలు తాగిందేమోరా" అన్నాడు తాత. "నిద్రలో ఎలా తాగుతుంది తాతయ్యా?" అన్నాడు వీడు. తాత లేచి వెళ్ళి చూస్తే త్రాసుకే తప్పుంది. అది చూసి తాత మనవణ్ణి ఎత్తుకున్నాడు. అదే సమయానికి పెద్దోడు గుమ్మంలో జారిపడి ఏడవడంతో వెంటనే కిందికి దింపేసి అటు వెళ్ళాడు. అయినా, ఎత్తుకున్నాడు కదా!

ఆ కథను తోక స్నానాలగదిలో గొంతెత్తి సాధన చేశాడు. "నేను త్రాసుల మధ్య పుట్టాను సార్" అని మొదలుపెట్టి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో, పిల్లి దగ్గర గొంతు ఎలా తగ్గించాలో, అన్నీ తలుపు వెనక నీళ్ళ చప్పుడులో చక్కగా కుదుర్చుకున్నాడు. తలుపు ఇవతల బకెట్టు పట్టుకుని తన వంతు కోసం నిలబడినవాడెవడో మీకు చెప్పక్కర్లేదు.

తరగతిలో పెద్దోడి వంతు ముందు వచ్చింది. వాడి వంతు ఎప్పుడూ ముందే. లేచి, చొక్కా సర్దుకుని, "నేను త్రాసుల మధ్య పుట్టాను సార్" అన్నాడు.

పెద్దోడు ఆగవలసిన చోట ఆగాడు. నవ్వవలసిన చోట నవ్వాడు. పిల్లి దగ్గరికి రాగానే గొంతు తగ్గించాడు. ఎడమ పళ్ళెం, కుడి పళ్ళెం, తాత ఎత్తుకోవడం, అన్నీ చెప్పాడు. జారిపడిన సంగతి మాత్రం వదిలేశాడు.

సుత్తి మాస్టారు ఆనందం పట్టలేక బల్ల మీద సుత్తితో టకటకా కొట్టాడు. "శెభాష్! ఇదీ ఇంజనీరు బుర్రంటే! మరి పిల్లి అలా ఎందుకు తూగిందోయ్?"

పెద్దోడు తడుముకోలేదు. "అదే సార్, ఇప్పటికీ ఆలోచిస్తున్నాను" అన్నాడు.

"చూశారా వినయం!" అన్నాడు మాస్టారు. "తర్వాత ఎవరు?"

తర్వాత తోకే. లేచి నిలబడ్డాడు. తాత అయిపోయాడు, దుకాణం అయిపోయింది, పిల్లి అయిపోయింది. ఉన్న ఒక్క కుటుంబాన్నీ వాడు ముందే వాడేశాడు. మళ్ళీ అదే చెబితే కాపీ కొట్టాడంటారు. చెప్పకపోతే పుట్టుకే లేనివాడవుతాడు. కడుపులో మంట నెత్తికెక్కింది. దిక్కులు చూశాడు. కిటికీలోంచి ఎదుటి భవనం కనిపించింది. అక్కడ ప్రిన్సిపాల్ గారి గది కిటికీకి చేటంత తేనెపట్టు వేలాడుతోంది.

"మాది... మాది తేనెటీగల కుటుంబం సార్" అన్నాడు తోక.

"అంటే? మీ అమ్మానాన్నా ఈగలా?" అన్నాడు మాస్టారు. తరగతి గొల్లుమంది.

ఆ నవ్వుల్లో పెద్దోడి నవ్వు వేరుగా వినిపించింది. దాంతో తోకకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "కాదు సార్. ఈగలను పెంచే కుటుంబం. మా తాత చిటిక వేస్తే పట్టు మొత్తం లేచి ఆయన భుజం మీద వాలేది. కండువా అవసరం లేకుండా ఈగలనే కప్పుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళేవాడు. ఎండాకాలం మా ఇంట్లో ఫ్యాన్లు వెయ్యం సార్, ఈగలే రెక్కలతో విసురుతాయి. నేను పుట్టి ఇన్నేళ్ళయినా నన్ను ఒక్క ఈగ కూడా కుట్టలేదు."

ఆ చివరి మాట మాత్రం పచ్చి నిజం. అతను ఎన్నడూ ఈగల దరిదాపులకు పోలేదు.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇతని అబద్ధం మరీ అతికింది, పీకినా రాలేదు. ఎందుకంటే, ఆ పట్టు పెట్టినప్పటి నుంచీ ప్రిన్సిపాల్ గారు కిటికీ తెరవలేదు. పట్టు తీస్తానని వచ్చిన మనిషి నిచ్చెన వేసి, సగం ఎక్కి, ఒక్క కేక పెట్టి, నిచ్చెన వదిలేసి పారిపోయాడు. నిచ్చెన ఇంకా గోడకు అలాగే ఉంది. మళ్ళీ ఎవరూ రాలేదు. ఆ పెద్దావిడ ఉక్కపోతలో చెమటలు కక్కుతూ, ఫైలుతో విసురుకుంటూ, వచ్చినవాళ్ళందరినీ కసురుకుంటూ కాలేజీ నడుపుతోంది. ఆమె కసురు తగ్గించగల మొనగాడు దొరికాడని సుత్తి మాస్టారు మధ్యాహ్నానికల్లా తోకను రెక్క పట్టుకుని ఆమె ముందు నిలబెట్టాడు.

"నాయనా, నువ్వేనా ఆ తేనెటీగలవారి కుర్రాడివి?" అంది ఆమె. ఆ గదిలో అంత మెత్తని మాట వినిపించి చాలా కాలమైంది. "ఎప్పుడు తీస్తావు? ఇప్పుడు తీస్తావా?"

తోక అద్దం అవతల ముసురుతున్న ఈగలను చూశాడు. కాళ్ళు వణికాయి. నోరు మాత్రం వణకలేదు, అదే అతని ఖర్మ. "ఇప్పుడు కుదరదు మేడమ్. లోపల రాణి ఈగ గుడ్లు పెడుతోంది. బాలింత. ఇప్పుడు కదిలిస్తే పాపం."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. ముగ్గురు పిల్లల తల్లి. "అయ్యో! మరి ఏం చెయ్యాలి?"

"చప్పుడు ఉండకూడదు మేడమ్."

వెంటనే ఆ భవనంలో గంట కొట్టడం మానేశారు. గంట లేకపోయేసరికి ఏ పీరియడు ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియలేదు. లెక్కల మాస్టారు మొదలుపెట్టిన లెక్క పొద్దు వాలేదాకా సాగింది. గంట ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూస్తూ కెమిస్ట్రీ మేడమ్ చెప్పిన పాఠమే మూడోసారి చెప్పింది. వరండాలో అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. సుత్తి మాస్టారు సుత్తికి గుడ్డ చుట్టుకున్నాడు. మర్నాడు వాసనలు కూడా పడవన్నాడు తోక. అంతే, పౌడర్లూ సెంట్లూ బందు. తరగతి గదుల్లో మనుషుల అసలు వాసనలు బయటపడ్డాయి.

ఇన్ని కష్టాలు పెట్టినవాణ్ణి తిట్టాలి గదా? ఒక్కరూ తిట్టలేదు. మేడమ్ ఆగ్రహానికి మందు వాడి దగ్గరే ఉందాయె. సీనియర్లు పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. వార్డెను అడగకుండానే రెండో దుప్పటి ఇచ్చాడు. మెస్సులో గరిటె పట్టుకున్న వంటాయన ఇతని కంచం చూడగానే అడుగు నుంచి తోడి వడ్డించాడు. పుట్టిన తర్వాత మొట్టమొదటిసారి తోక నడుస్తుంటే జనం చూశారు.

పెద్దోణ్ణి అడిగినవాడు లేడు. "త్రాసుల కుర్రాడు" అని మొదటి పూట అన్నారు. మర్నాటికి "ఎవరూ? ఆ పిల్లి అబ్బాయా?" అన్నారు. ఆ మర్నాడు అదీ లేదు. వాడికి ఇది కొత్త జబ్బు. తోకకైతే చిన్నప్పటి నుంచీ అలవాటై ఒంటికి పట్టింది; పెద్దోడికి ఒక్కసారిగా సోకేసరికి తిండి సయించలేదు.

గది తలుపు వేసి నిలదీశాడు. "ఏరా, ఈగలా? మనింట్లో ఈగలేవిట్రా? మనింట్లో ఉన్నవి అన్నం మీద వాలేవే!"

"పిల్లి ఎవరిదిరా?" అన్నాడు తోక.

"పిల్లి ఇంటిది. నీ ఒక్కడిదా?"

"తూచింది నేను!"

"నువ్వు తూచావు, నేను చెప్పాను. చెప్పడం రావాలి."

"అయితే వెళ్ళి చెప్పు, నాది అబద్ధమని! మేడమ్‌కి చెప్పు!"

పెద్దోడు తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఇతనిది అబద్ధమని చెప్పాలంటే ఇతనెవరో చెప్పాలి. ఇతనెవరో చెబితే పిల్లి ఎవరిదో బయటపడుతుంది. ఇద్దరూ ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని నుయ్యి గట్టు మీద నిలబడ్డవాళ్ళలా ఉన్నారు. వదిలితే ఇద్దరూ లోపలికే.

ఇలా ఇంకొన్నాళ్ళు నడిచేదేమో కానీ, ఒకనాడు మేడమ్‌కు ఉక్క భరించరానిదైపోయింది. "బాలింతయినా సరే, ఇన్నాళ్ళకు లేచి తిరుగుతూ ఉంటుంది. నా మూడు కాన్పులకూ నేను ఇంతకాలం మంచం పట్టలేదు. రేపు పొద్దున్నే తియ్యాలి" అంది. సుత్తి మాస్టారు తరగతికి వచ్చి, గుడ్డ చుట్టిన సుత్తితో బల్ల మీద మెత్తగా కొట్టి, "ఇక నాకు వెతుకులాట లేదు. రేపు ఆ పట్టు దింపినవాడే బండి జట్టులో ఉంటాడు" అని ప్రకటించాడు.

తోక ముఖం పాలిపోయింది. పెద్దోడి ముఖం అంతకంటే పాలిపోయింది, వేరే కారణంతో. జట్టులో చోటు తోకకా? ఇంటికి ఈ కబురు వెళితే పిన్ని మెట్ల మీద నిలబడి వాడకంతటికీ చెబుతుంది. ఇక ఆలోచించలేదు. లేచి నిలబడ్డాడు.

"సార్, వాడు నా తమ్ముడు. మా పిన్ని కొడుకు. వాడి తాతే నా తాత. వాడికెన్ని ఈగలున్నాయో నాకూ అన్ని ఉన్నాయి. పెద్దవాణ్ణి నేనుండగా వాడెలా ఎక్కుతాడు సార్?"

తరగతి తిరిగి చూసింది. మాస్టారు సుత్తితో తల గోక్కున్నాడు. "మరి మీది త్రాసుల కుటుంబమన్నావు?"

"పగలు త్రాసులు, సాయంత్రం ఈగలు సార్" అన్నాడు పెద్దోడు.

కడుపుమంట ఎంత గొప్పదో చూడండి. ఒకడు దాని వల్ల గోతిలో పడితే, రెండోవాడు అదే గోతిలోకి తానే ముందు దూకుతానని పోట్లాడుతున్నాడు.

తోకకు మాత్రం ఆ పూట బుద్ధి వచ్చింది. ప్రాణం తీపి కదా. మాస్టారి గదికి వెళ్ళి, చేతులు కట్టుకుని, నిజం చెప్పేశాడు. "సార్, మాకు ఈగలు లేవు. నేను అబద్ధం చెప్పాను. మాది త్రాసుల దుకాణమే. ఆ పిల్లిని తూచింది కూడా నేనే సార్, మా అన్నయ్య కాదు."

మాస్టారు బాధగా తల ఊపాడు. "ఛ ఛ! అసూయ ఉండచ్చు నాయనా, మనుషులం. కానీ అన్న ఈగల్లో వాటా అడిగాడని, నువ్వు అన్న పిల్లిని లాక్కుంటావా? అలా లాక్కుని బండి దక్కించుకున్నా అది నిలవదు. వెళ్ళి పడుకో, రేపు ఎక్కాలి."

మర్నాడు పొద్దున్నే కాలేజీ అంతా కింద మూగింది. మేడమ్ గొడుగు చాటున నిలబడింది. బండి కట్టే సీనియర్లు పాత ఇనుప బకెట్టులో తడి ఆకులు వేసి పొగ పెట్టి ఇచ్చారు. పొడుగాటి కర్రకు చీపురు కట్టి ఇచ్చారు. రెండు గోనెసంచులు కూడా తెచ్చారు. పెద్దోడు సంచి తలకు తొడుక్కుని చీపురు అందుకున్నాడు.

తోక పొగ బకెట్టు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. వెనక్కి పరుగెత్తడానికి మంచి అవకాశం. ఎక్కేవాడు ఎక్కుతున్నాడు, ఇతణ్ణి ఎవరూ చూడడం లేదు. కానీ అదే, ఎవరూ చూడడం లేదు! పెద్దోడు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే కింద జనం "జాగ్రత్త! జాగ్రత్త!" అంటున్నారు. ఒక అమ్మాయి కళ్ళు మూసుకుంది. మేడమ్ "వీరుడయ్యా!" అంది. తోకకు ప్రాణభయం ఎటు పోయిందో పోయింది. బకెట్టు మోచేతికి తగిలించుకుని గబగబా వాడి వెనకే ఎక్కాడు.

"దిగరా కిందికి! నిచ్చెన ఊగుతోంది" అన్నాడు పెద్దోడు సంచిలోంచి.

"నువ్వే దిగు. ఈగలు నావి."

"ఏవిట్రా నీవి? నీకెక్కడివి?"

"నాకు లేకపోతే నీకు మాత్రం ఎక్కడివి? ఏది చూసినా నీకే కావాలి! ఉయ్యాల నీకే, సైకిలు నీకే, నా పిల్లి నీకే, చివరికి లేని ఈగలు కూడా నీకేనా?"

"మళ్ళీ పిల్లి!" పెద్దోడికి తిక్కరేగింది. ఇన్నాళ్ళూ అణచుకున్నదంతా బయటికి తన్నుకొచ్చింది. నిచ్చెన చివర నిలబడి, కిందున్నవాళ్ళందరికీ వినిపించేటట్టు అరిచాడు. "అవున్రా! పిల్లిని తూచింది నువ్వే! త్రాసు తప్పు పట్టిందీ నువ్వే! నాకు అది ఎందుకలా తూగిందో ఇప్పటికీ తెలీదు! అయితే ఏంటట? ఏంటట అని!"

రెండో "ఏంటట"కు చేతిలోని చీపురును ఊపాడు. అది నేరుగా వెళ్ళి పట్టుకు తగిలింది.

తర్వాత జరిగింది చెప్పడానికి ఎంతో సేపు పడుతుంది కానీ, జరగడానికి పట్టలేదు. గోడ మీది నుంచి ఒక నల్లటి దుప్పటి ఊడి గాలిలో విప్పుకున్నట్టయింది. మేడమ్ గొడుగు ఒక్కటే అక్కడ మిగిలింది, కింద మేడమ్ లేదు. కాలేజీ కట్టిన తర్వాత అంతమంది అంత త్వరగా తరగతులకు వెళ్ళడం అదే మొదటిసారి. తోక కంగారులో బకెట్టును తల మీద బోర్లించుకున్నాడు. తడి ఆకులూ పొగా మీద పడి, దగ్గుతూ, నిచ్చెన మీది నుంచి కింది పూలపాదులోకి జారాడు. ఆ పొగ దరిదాపులకు ఒక్క ఈగ కూడా రాలేదు. అవన్నీ పెద్దోడి దగ్గరే పని చూసుకున్నాయి. గోనెసంచికి రంధ్రాలుంటాయన్న సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

పని ముగించుకున్న ఈగలు కాలేజీ మీద రెండు చుట్లు తిరిగి, ఏమాలోచించుకున్నాయో, నేరుగా షెడ్డులోకి వెళ్ళాయి. అక్కడ బండి స్టీరింగు చక్రం నిండా గుత్తులు గుత్తులుగా వాలి స్థిరపడ్డాయి.

గలాటా సద్దుమణిగాక సుత్తి మాస్టారు పూలపాదు దగ్గరికి వచ్చాడు. తోక ఇంకా బకెట్టులోనే ఉన్నాడు. మాస్టారు సుత్తి గుడ్డ విప్పి బకెట్టు మీద టంగుమని కొట్టాడు.

"బయటికి రావోయ్. మీ అన్న చెప్పింది కాలేజీ అంతా విన్నది. పిల్లిని తూచింది నువ్వేనా?"

"నేనే సార్" అంది బకెట్టు.

"మరి ఎడమ పక్క ఎందుకు బరువు తూగింది?"

తోక మసి ముఖంతో బయటికి వచ్చాడు. ఇన్నాళ్ళుగా తనను ఎవరూ అడగని ప్రశ్న అది. "ఎడమ కొనలో కొక్కెం కూర్చునే గాడి అరిగిపోయింది సార్. పళ్ళెం కాస్త బయటికి జరిగింది. ఆ పక్క చెయ్యి పొడుగైంది, ఈ పక్కది పొట్టిగానే ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు తెలియకుండా ఎవరో కుడి పళ్ళెం కింద సీసం ముక్క అంటించారు. అందుకని ముల్లు నడిమధ్యే నిలబడేది. బరువు పెడితే మాత్రం తప్పు బయటపడేది."

మాస్టారు సుత్తిని జేబులో పెట్టుకున్నాడు. ఆయన సుత్తిని జేబులో పెట్టుకోగా అంతవరకూ ఎవరూ చూడలేదు. "మరి నిన్న వచ్చి చెబితే నేను నమ్మలేదు కదూ? నాదే తప్పు. జట్టులో చోటు నీదే పో. బండి ముట్టుకోవడానికి మాత్రం ఈగలు వెళ్ళేదాకా ఆగాలి."

తోక కాళ్ళు నేల మీద నిలవలేదు. చోటు తనది! పెద్దోడికి రాలేదు, తనకు వచ్చింది! ఈ మాట ఎవరితో చెప్పుకోవాలా అని చూశాడు. చుట్టూ ఎవరూ లేరు. అందరూ ఆరోగ్య కేంద్రం ముందు ఉన్నారు.

లోపల మంచం మీద పెద్దోడున్నాడు. ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. కళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. పెదవులు చూస్తే ఇద్దరివి ఒకరికే పెట్టినట్టున్నాయి. సిస్టరమ్మ మందు పూస్తోంది. తరగతిలోని అమ్మాయిలందరూ వరుసగా నిలబడి "పాపం, పాపం" అంటున్నారు. కళ్ళు మూసుకున్న అమ్మాయి ఇప్పుడు కళ్ళనిండా చూస్తోంది. సీనియర్లు పళ్ళు తెచ్చారు. వార్డెను మూడో దుప్పటి కప్పాడు. మేడమ్ స్వయంగా వచ్చి, "కిటికీ తెరిచాను నాయనా. ఎంత గాలి! నీ ముఖం చూసినప్పుడల్లా నాకు ఆ గాలే గుర్తొస్తుంది" అని తల నిమిరింది.

తోక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నాకు జట్టులో చోటొచ్చింది" అని పక్కవాడితో అన్నాడు.

"ఆహా, అలాగా. కాస్త జరుగు, కనబడ్డం లేదు" అన్నాడు ఆ పక్కవాడు.

సందు దొరికినప్పుడు మంచం దగ్గరికి వెళ్ళాడు. "అన్నయ్యా, నొప్పిగా ఉందా?"

పెద్దోడు ఆ రెండు పెదవులనూ ఎలాగో కదిపాడు. "ముందు నేనెక్కానురా" అన్నాడు తృప్తిగా.

అప్పుడు తోక ఫోను మోగింది. అమ్మ.

"అమ్మా! విన్నావా? జట్టులో చోటు నాకే—"

"విన్నాన్రా, మీ వార్డెను ఫోను చేశాడు, ఏదో చోటంటగా. సరేలే, అదలా ఉండనీ" అంది అమ్మ. గొంతు బాగా లేదు. "ఇక్కడ మా అక్క అప్పటి నుంచీ మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతోంది. వాడి ముఖం ఇంతయిందట, అంతయిందట. ప్రిన్సిపాలే తల నిమిరిందట. మీ తాతయ్య ముసలి ప్రాణం, వాణ్ణి చూడాలని అప్పుడే చెప్పులేసుకున్నాడు. నేను ఏం చెప్పుకోను? అవునూ, నువ్వూ అదే నిచ్చెన మీద ఉన్నావటగా?"

"ఉన్నానమ్మా."

"మరి నిన్ను ఒక్కటి కూడా కుట్టలేదట్రా?"

తోక ఫోను జేబులో పెట్టుకుని, చొక్కా చేతులు పైకి మడుచుకుని, షెడ్డు వైపు నడిచాడు.